దో దర్జీ లెక్క – బీజగణితం నడచి వచ్చిన దారి

ఈ సంచికకు చరిత్ర మీద ఏదైనా వ్రాసి ఇమ్మని అడిగినప్పుడు రాజుల గురించో, కోటల గురించో వ్రాద్దామని మొదట అనుకొన్నాను. కానీ ఇరవై ఏండ్లుగా నా చేతిలో ఉన్నది సుద్దముక్క. నాకు బాగా తెలిసిన చరిత్ర నల్లబల్ల మీద వ్రాసే లెక్కల చరిత్రే. నేను చదువు చెప్పేది ఉర్దూలో అయినా ఈ సంచిక వెళ్లే ఇండ్లలో తెలుగు మీడియం, ఇంగ్లీషు మీడియం పిల్లలు కూడా ఉన్నారు కావున తెలుగులో వ్రాస్తున్నాను. ముందుగా నేను చేసిన ఒక తప్పు ఒప్పుకొని మొదలుపెడతాను.

ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న

కొంతకాలం క్రితం మా ఊరిలో ఒక సభ జరిగింది. మాట్లాడిన పెద్దమనిషి, "ప్రపంచానికి ఆల్జీబ్రా నేర్పింది మనం" అన్నారు. హాలంతా చప్పట్లు. నేనూ చేతులు నొప్పి పుట్టేదాకా కొట్టాను. మరునాడు తొమ్మిదవ తరగతిలో ఒక వర్గ సమాసము బల్ల మీద వ్రాసి, దీన్ని కారణాంకములుగా విడగొట్టండి అన్నాను. నలభై మంది పిల్లల్లో చెయ్యెత్తిన వాళ్లు ముగ్గురు. నిన్నటి చప్పట్లు గుర్తుకువచ్చి సిగ్గువేసింది.

"అల్-ఖ్వారిజ్మీ పుట్టించిన లెక్కరా ఇది, మీకు రాకపోతే ఎట్లా?" అని కోప్పడ్డాను. అప్పుడు రెండవ బెంచీలో కూర్చునే అమ్మాయి లేచి అడిగింది. "సార్, ఆయన కూడా మధ్యపదాన్ని ఇట్లానే రెండు ముక్కలు చేసేవారా?"

"హాఁ బేటీ, ఇట్లానే" అని ధీమాగా చెప్పేశాను.

ఇంటికి వచ్చాక ఆ మాట మనసులో ముల్లులా గుచ్చుకొంది. నేను చూచి చెప్పానా, ఊహించి చెప్పానా? ఊహించే చెప్పాను. అప్పటినుండి దొరికిన పుస్తకాలు చదవడం మొదలుపెట్టాను. నేను చెప్పింది తప్పని తేలింది. అయితే ఆ తప్పు వెనుక దొరికిన నిజం, చప్పట్లు కొట్టించుకొన్న మాటకంటే చాలా పెద్దది. దాన్నే ఇక్కడ మీ ముందు పెడుతున్నాను.

లెక్క ఏమిటి?

ఉర్దూ పాఠ్యపుస్తకంలో వర్గ సమీకరణమును 'దో దర్జీ మసావాత్' అంటారు. దర్జా అంటే మెట్టు, స్థాయి. దో దర్జీ అంటే రెండవ స్థాయిది. కానీ మా పిల్లలకు దర్జీ అంటే బట్టలు కుట్టే మనిషి. పాఠం మొదలుపెట్టిన ప్రతి ఏడూ ఎవరో ఒకరు "ఇద్దరు దర్జీల లెక్కా సార్?" అంటారు, క్లాసంతా నవ్వుతుంది. నవ్వనిస్తాను. ఎందుకంటే ఈ లెక్క నిజంగానే దర్జీ పని.

తెలియని రాశిని 'య' అని వ్రాస్తాను. ఇది నా కల్పన కాదు. మన దేశపు గణితవేత్త భాస్కరుడు 12వ శతాబ్దిలో 'యావత్ తావత్' అనే మాటలోని మొదటి అక్షరంతోనే తెలియని రాశిని గుర్తించేవాడు. ఇప్పుడు ఈ సమాసము చూడండి.

6య² + 17య + 12

మొదటి అంకె 6, చివరి అంకె 12. రెంటినీ గుణిస్తే 72. లబ్ధం 72, మొత్తం 17 వచ్చే రెండు సంఖ్యలు వెదకాలి. అవి 9, 8. ఇక మధ్యనున్న 17య అనే గుడ్డను రెండు ముక్కలుగా కత్తిరించి, ఒకటి ఎడమవైపు పదానికి, ఒకటి కుడివైపు పదానికి జత చేస్తాం.

6య² + 9య + 8య + 12
3య(2య + 3) + 4(2య + 3)
(2య + 3)(3య + 4)

రెండు జతలలోనూ (2య + 3) అనే ఒకే కొలత వచ్చింది కదా, బట్ట కుదిరినట్లే. కుదరలేదంటే కత్తిరింపు తప్పిందని అర్థం.

6ను, 12ను ఎందుకు గుణించాలని తెలివైన పిల్లలు అడుగుతారు. "పుస్తకంలో అట్లా ఉంది" అని తప్పించుకోకూడదు. జవాబును వెనక్కి గుణించి చూపాలి. (2య + 3)ను (3య + 4)తో గుణిస్తే మధ్యపదం రెండు ముక్కలుగా వస్తుంది. 2 × 4 = 8 ఒక ముక్క, 3 × 3 = 9 ఇంకొక ముక్క. ఆ రెండు ముక్కల లబ్ధంలో ఉన్న అంకెలు 2, 4, 3, 3. మొదటి పదం 2 × 3, చివరి పదం 3 × 4. వాటి లబ్ధంలో ఉన్న అంకెలూ అవే నాలుగు. అందుకే 8 × 9, 6 × 12 రెండూ 72 అవుతాయి. ఇందులో మంత్రమేమీ లేదు.

కాబట్టి ఈ లెక్కకు ప్రాణం ఒక్కటే. రెండు సంఖ్యల మొత్తమూ లబ్ధమూ తెలుసు, ఆ సంఖ్యలేవి? ఈ ప్రశ్న వయసెంతో వెదుకుతూ పోతే, బాగ్దాదు నగరం పుట్టడానికి రెండున్నర వేల సంవత్సరాల వెనక్కి వెళ్లాల్సివచ్చింది.

మట్టిపలక మీది లెక్క

ఇరాక్ దేశంలో, టైగ్రిస్ యూఫ్రటీస్ నదుల మధ్య, క్రీ.పూ. 1800 ప్రాంతంలో బాబిలోనియా లేఖకులు పచ్చి మట్టిపలకల మీద పుల్లతో నొక్కి లెక్కలు వ్రాసేవారు. అటువంటి పలక ఒకటి ఇప్పుడు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉంది. అందులో ఉన్న లెక్క ఇది. ఒక సంఖ్య రెండవదానికంటే 7 ఎక్కువ, రెండింటి లబ్ధం 60, ఆ సంఖ్యలేవి?

లేఖకుడు చేసిన పద్ధతి చూడండి. 7లో సగం 3½. దాని వర్గం 12¼. దానికి 60 కలిపితే 72¼. దాని వర్గమూలం 8½. దానికి 3½ కలిపితే 12, తీసివేస్తే 5. తేడా 7, లబ్ధం 60, సరిపోయింది.

ఇప్పుడు మన 17, 72 లెక్కను ఇదే దారిలో చేద్దాం. ఇక్కడ తెలిసింది తేడా కాదు, మొత్తం. కనుక సగం వర్గానికి లబ్ధాన్ని కలపడానికి బదులు అందులోంచి తీసివేయాలి. 17లో సగం 8½. దాని వర్గం 72¼. అందులోంచి 72 తీస్తే ¼. దాని వర్గమూలం ½. 8½కు ½ కలిపితే 9, తీస్తే 8. ఏ సంఖ్యలో తోచక పెన్సిలు కొరుకుతూ కూర్చునే పిల్లవానికి ఈ దారి చూపిస్తే వాడి ముఖం విప్పారుతుంది. అంచనా తగలకపోయినా లెక్క ఆగదు. పద్ధతి నాలుగు వేల సంవత్సరాల నాటిదంటే మొదట నమ్మరు.

బాగ్దాదులో ఒక పుస్తకం

762లో ఖలీఫా అల్-మన్సూర్ బాగ్దాదు నగరాన్ని నిర్మించాడు. 770ల ప్రాంతంలో సింధు దేశం నుండి సంస్కృత జ్యోతిష గ్రంథం ఒకటి ఆయన దర్బారుకు చేరి, అరబ్బీలోకి అనువదింపబడింది. ఆ తరువాత 813 నుండి 833 వరకు పాలించిన ఖలీఫా మామూన్ కాలంలో ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్-ఖ్వారిజ్మీ అక్కడ పనిచేశాడు. ఆయన భారతీయ అంకెలతో లెక్కించే విధానం మీద ఒక పుస్తకం వ్రాశాడు. దాని లాటిన్ రూపం ద్వారా ఆయన పేరే యూరపులో 'అల్గారిథమ్' అనే మాటగా మారింది. రెండవ పుస్తకం అల్-జబ్ర్, అల్-ముఖాబలా గురించినది. ఆల్జీబ్రా అన్న పేరు దానినుండే వచ్చింది.

మన పిల్లలు ఉర్దూలో 'జబ్ర్' అంటే బలవంతం అనుకొంటారు. సగం మందికి ఈ సబ్జెక్టు అట్లాగే అనిపిస్తుంది కూడా. కానీ అరబ్బీలో ఆ మాటకు విరిగిన ఎముకను సరిచేసి కట్టడం అనే అర్థం ఉంది. సమీకరణములో తీసివేతగా ఉన్న పదాన్ని రెండు వైపులా కలిపి లోటు పూడ్చడమే జబ్ర్. రెండు వైపులా ఉన్న ఒకే రకపు పదాలను ఒకదానికొకటి చెల్లువేయడం ముఖాబలా.

ఆ పుస్తకంలో ఒక్క గుర్తు కూడా లేదు, అంతా మాటలే. తెలియని రాశిని 'జిజ్ర్' అంటే వేరు అంటాడు. దాని వర్గాన్ని 'మాల్' అంటాడు. మాల్ అంటే మనం బజారులో అనే మాలే, సొత్తు. అంకెలను దిర్హములలో చెబుతాడు. ఒక మాల్, పది వేర్లు కలిస్తే ముప్పైతొమ్మిది దిర్హములు, అయితే వేరు ఎంత? మన భాషలో య² + 10య = 39.

ఆయన దీనిని బొమ్మ గీసి చూపించాడు. య భుజంగా ఒక చదరం గీయండి. పది వేర్లను రెండు సగాలు చేసి, 5 వెడల్పు గల రెండు పట్టీలుగా ఆ చదరానికి రెండు ప్రక్కల అతికించండి. మూలన ఒక చిన్న చదరం ఖాళీగా మిగులుతుంది. దాని వైశాల్యం 5 × 5 = 25. దానిని పూరిస్తే మొత్తం 39 + 25 = 64. పెద్ద చదరం భుజం 8. అందులో పట్టీ వెడల్పు 5 తీసివేస్తే య = 3. ఇది కూడా దర్జీ పనే చూడండి. మూలన తక్కువైన ముక్కకు అతుకు వేసి బట్టను చదరం చేశాడు.

ఈ పుస్తకం ఎవరికోసం వ్రాశాడో ఆయనే ముందుమాటలో చెప్పాడు. వారసత్వం, వీలునామాలు, పంపకాలు, వ్యాజ్యాలు, వ్యాపారం, భూముల కొలత, కాలువల త్రవ్వకం వీటిలో జనానికి నిత్యం పనికివచ్చే లెక్క ఇది అని. గ్రంథంలో దాదాపు సగం వరాసత్, వసీయత్ లెక్కలే. తండ్రి పోయిన ఇంట్లో భార్యకు ఎంత, కొడుకుకు ఎంత, కూతురికి ఎంత, అప్పు తీర్చాక మిగిలిందెంత అనేవే ఆ లెక్కలు. అవి చాలావరకు మొదటి స్థాయి సమీకరణములే, దో దర్జీ కావు. కానీ హిసాబ్ తెలియని ఇంట్లో ఎవరి వాటా ఎవరు తిన్నా అడిగే దిక్కుండదు. ఆ మాట అప్పటికీ ఇప్పటికీ ఒకటే.

ఆయన దగ్గర లేనిది

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను. అల్-ఖ్వారిజ్మీ మధ్యపదాన్ని విడగొట్టలేదు. విడగొట్టే అవసరమే ఆయనకు రాలేదు. మనం అన్ని పదాలనూ ఒకవైపుకు తెచ్చి, రెండవవైపు సున్న పెడతాం. రెండు సంఖ్యల లబ్ధం సున్న అయితే వాటిలో ఏదో ఒకటి సున్న కావాలి, కారణాంకముల పద్ధతికి బలం అదే. ఆయన సమీకరణములలో ఒక వైపు సున్న ఉండదు, ఋణసంఖ్యలు ఉండవు. భుజం పొడవు మైనస్ పదమూడు ఎట్లా అవుతుంది? అందుకే య² + 10య = 39కి ఆయన ఇచ్చిన జవాబు 3 ఒక్కటే. మనం (య + 13)(య − 3) అని విడగొట్టి −13 కూడా వ్రాస్తాం. ఋణసంఖ్యలు వద్దనుకొన్నందువల్ల ఆయనకు సమీకరణములను ఆరు రకాలుగా విడదీసి చెప్పాల్సివచ్చింది. ఒక మాల్, ఇరవై ఒక్క దిర్హములు కలిస్తే పది వేర్లు అన్న లెక్కకు మాత్రం 3, 7 అని రెండు జవాబులూ చెప్పాడు.

సున్నకు, ఋణసంఖ్యలకు నియమాలు అప్పటికే మన దేశంలో ఉన్నాయి. 628లో బ్రహ్మగుప్తుడు ధనాన్ని ఆస్తిగా, ఋణాన్ని అప్పుగా పెట్టి కూడిక, తీసివేత, గుణకారములు ఎట్లా చేయాలో చెప్పాడు. వర్గ సమీకరణమునకు సూత్రమూ ఇచ్చాడు. 850 ప్రాంతంలో రాష్ట్రకూటుల రాజ్యంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహము వ్రాశాడు. 11వ శతాబ్దిలో పావులూరి మల్లన దానిని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. బాగ్దాదులో అల్-ఖ్వారిజ్మీ పుస్తకం వెలువడిన కొద్దికాలానికే దక్కనులో వ్రాసిన పుస్తకం, తెలుగువారి చేతికి ఇంత తొందరగా వచ్చిందని నాకు నిన్నమొన్నటిదాకా తెలియదు.

అందుకని "మనమే నేర్పాం" అన్నది సగం నిజం. బాబిలోనియా ఇచ్చింది, హిందూదేశం ఇచ్చింది, అల్-ఖ్వారిజ్మీ దానిని ఒక శాస్త్రంగా కూర్చి, ప్రతి మెట్టుకూ కారణం చూపాడు. తీసుకొన్నవాడు కాబట్టే ఇవ్వగలిగాడు. ఇంకొక విషయం కూడా న్యాయంగా చెప్పాలి. మధ్యపదం విడగొట్టే పద్ధతి పూర్ణసంఖ్యలు కుదిరినప్పుడే సులువు. య² + 10య − 40 తీసుకోండి. లబ్ధం −40, మొత్తం 10 వచ్చే పూర్ణసంఖ్యలు ఎంత వెదకినా దొరకవు. అల్-ఖ్వారిజ్మీ చదరం అక్కడ కూడా పనిచేస్తుంది. 25కు 40 కలిపితే 65, దాని వర్గమూలంలోంచి 5 తీస్తే ఒక జవాబు.

పడమటికి పోయి, మళ్లీ మన ఇంటికి

1145లో స్పెయిన్ దేశపు సెగోవియాలో రాబర్ట్ ఆఫ్ చెస్టర్ అనే ఇంగ్లీషువాడు అల్-ఖ్వారిజ్మీ బీజగణితాన్ని లాటిన్‌లోకి తెచ్చాడు. మన పిల్లలు నేడు చేసే కారణాంకముల పద్ధతి రూపం కట్టింది యూరపులో, 17వ శతాబ్దిలో. థామస్ హారియట్ చనిపోయిన పదేండ్లకు, 1631లో అచ్చయిన ఆయన పుస్తకంలో ద్విపదులను గుణిస్తే సమీకరణములు ఎట్లా పుడతాయో చూపబడింది. 1637లో ఫ్రెంచివాడు డేకార్ట్ తెలియని రాశి నుండి 2 తీసిన ద్విపదిని, 3 తీసిన ద్విపదిని గుణించి, సున్నకు సమానం చేసి, రెండు మూలాలున్న సమీకరణమును కట్టి చూపాడు. గుణించి కట్టినదాన్ని విప్పి చూడడమే కారణాంక విభజన. కుట్టు ఎక్కడుందో తెలిసినవాడే విప్పగలడు.

అదే రోజులలో మన దేశంలోనూ పుస్తకాలు ఒక భాషనుండి మరొక భాషకు నడుస్తూనే ఉన్నాయి. అక్బరు కాలంలో, 1587లో, కవి ఫైజీ భాస్కరుని లీలావతిని ఫారసీలోకి అనువదించాడు. షాజహాను కాలంలో, 1634–35లో, అతావుల్లా రుష్దీ భాస్కరుని బీజగణితమును ఫారసీలోకి తెచ్చాడు. ఈయన ఉస్తాద్ అహ్మద్ లాహోరీ కుమారుడు, తాజ్ మహల్ నిర్మాణంతో పేరు ముడిపడిన ఇల్లు అది. మన హైదరాబాదులో 1917లో దారుల్ తర్జుమా ఏర్పడింది. 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసినప్పుడు దానికి కావలసిన శాస్త్ర గ్రంథములు, గణిత గ్రంథములు అక్కడే తయారయ్యాయి. సంస్కృతం నుండి అరబ్బీకి, అరబ్బీ నుండి లాటిన్‌కు, ఇంగ్లీషు నుండి ఉర్దూకు ఈ విద్య తిరుగుతూనే ఉంది. ఏ భాషా దీనిని తన పెట్టెలో పెట్టి తాళం వేయలేదు.

మళ్లీ క్లాసులో

ఇంత చదివాక ఒకరోజు క్లాసులో, "బేటీ, ఆరోజు నేను చెప్పింది తప్పు. ఆయన మధ్యపదం విడగొట్టలేదు" అన్నాను. క్లాసు నిశ్శబ్దమైంది. సార్ తప్పు ఒప్పుకోవడం వాళ్లు అంతగా చూడలేదు.

"మరి ఆయన ఎట్లా చేసేవారు సార్?" అంది ఆ అమ్మాయి.

బల్ల మీద చదరం గీశాను. పట్టీలు అతికించాను. మూల ఖాళీ చూపించి, "ఇక్కడ ఎంత కావాలి?" అన్నాను. ముందు బెంచీనుండే కాదు, వెనుకనుండి కూడా "పచ్చీస్" అని వినబడింది.

అప్పుడు మహావీరాచార్యుని పుస్తకంలోని ఒక లెక్క ఇచ్చాను. ఒక ఒంటెల మందలో నాలుగవ వంతు అడవిలో ఉన్నాయి. మంద సంఖ్యకు వర్గమూలం ఎంతో, దానికి రెండింతలు కొండ వాలుకు పోయాయి. మిగిలిన పదిహేను నది ఒడ్డున ఉన్నాయి. మొత్తం ఎన్ని?

"అడవిలో ఒంటెలేమిటి సార్?" అని ఒక అబ్బాయి నవ్వాడు. ఆ అమ్మాయి నవ్వలేదు, వ్రాసుకుంటూ పోయింది. వర్గమూలమును య అనుకొంది. మంద య². నాలుగుతో గుణించి, అన్నీ ఒకవైపు తెచ్చి, 3య² − 8య − 60 = 0 అని వ్రాసింది. లబ్ధం −180, మొత్తం −8. కాసేపు ఆగింది. తరువాత −18, +10 అని వ్రాసి, కత్తిరించి, జతలు కట్టింది.

3య(య − 6) + 10(య − 6) = 0
(య − 6)(3య + 10) = 0

"య ఆరు సార్. ఇంకొకటి మైనస్‌లో వస్తుంది, అది ఒంటెలకు పనికిరాదు. మంద ముప్పైఆరు" అంది. అడవిలో 9, కొండ మీద 12, నది ఒడ్డున 15. లెక్క సరిపోయింది.

ఆ రోజు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కానీ గంట కొట్టాక కూడా ఐదారుగురు పిల్లలు బల్ల దగ్గరే నిలబడి 36ను మళ్లీ మళ్లీ సరిచూచుకొన్నారు. అల్-ఖ్వారిజ్మీ పేరు చెప్పుకొనే అర్హత ఆ సభలో కూర్చున్న నాకంటే వాళ్లకే ఎక్కువ ఉందనిపించింది.

ఈ సంచిక అందిన ఇంట్లో తొమ్మిదో పదో చదివే పిల్లలుంటే, రాత్రి భోజనాలయ్యాక ప్రక్కన కూర్చోబెట్టుకొని ఈ ఒక్కటి చేయించండి. 2య² + 11య + 15. మీకు రాకపోయినా పరవాలేదు, వాళ్లను మీకు నేర్పమనండి. ఎక్కడైనా ఆగిపోతే 11ను రెండు ముక్కలు చేసే దారి పైన మట్టిపలక దగ్గర ఉంది, చూచుకోవచ్చు. ఖుదా హాఫిజ్.